ఆ టేపులు ఎవరు వింటున్నారు? యూజర్ రీసెర్చ్‌లో నా అనుభవం

యూజర్ రీసెర్చ్ అంటే మా ఇంట్లో ఇప్పటికీ సర్వే ఉద్యోగమనే అనుకుంటారు. ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపుకొస్తానని మా అమ్మ అందరికీ చెబుతుంది. ఒక యాప్‌నో, ఫిర్యాదు పోర్టల్‌నో తయారుచేసే ముందు దాన్ని వాడబోయే మనుషుల పక్కన కూర్చుని, వాళ్ల ఇబ్బందేమిటో, ఫోన్‌లో ఎక్కడ ఆగిపోతున్నారో చూసి డిజైన్ చేసేవాళ్లకు చెప్పడం మా పని. చాలావరకు సాదాసీదా విషయాలే ఉంటాయి. కరెంటు బిల్లు ఇంట్లో ఎవరు కడతారు, ఓటీపీ రాకపోతే ఎవరిని అడుగుతారు, అలాంటివి. వాటి నుంచి నేరుగా లోన్ యాప్ బాధితుల ప్రాజెక్టులోకి వచ్చిపడ్డాం.

ఆ యాప్‌ల గొడవ తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో పనులు పోయినవాళ్లకు ఆధార్, పాన్, ఒక సెల్ఫీ ఉంటే చాలు, నిమిషాల్లో డబ్బు అన్నారు. అయిదు వేల అప్పుగా రాసుకుని, ప్రాసెసింగ్ ఫీజు పేరుతో ముందే కోసేసి, మూడు వేల చిల్లర చేతిలో పెట్టేవాళ్లు. గడువు చాలావాటికి వారమే. యాప్ పెట్టుకునేటప్పుడే కాంటాక్ట్‌లు, గ్యాలరీ చూసే అనుమతి లాగేసుకునేవాళ్లు కాబట్టి, గడువు దాటితే ఫోన్లు అప్పు తీసుకున్న మనిషికే కాదు, అతని మేనమామకూ, పాత ఓనర్‌కూ, పిల్లల టీచర్‌కూ వెళ్లేవి. ఆ తర్వాత మార్ఫింగ్ ఫొటోలు. 2020 చివర్లో తెలంగాణలో వరసగా ఆత్మహత్యలు జరిగాక పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు, ఆ డిసెంబర్‌లోనే రిజర్వ్ బ్యాంక్ జనాన్ని హెచ్చరించింది. 2022 సెప్టెంబర్‌లో డిజిటల్ రుణాల మార్గదర్శకాలిచ్చి, అప్పిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్ట్‌లు, కాల్ లాగ్‌లు, ఫొటోల జోలికి పోకూడదంది. లైసెన్సే లేనివాడికి మార్గదర్శకాలతో పనేముంది? వాట్సాప్ లింకుల్లో, ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్‌లో పెట్టుకునే ఏపీకే ఫైళ్లుగా అవి తిరుగుతూనే ఉన్నాయి.

మాకు పని ఇచ్చింది బాధితులకు సాయం చేసే ఒక స్వచ్ఛంద సంస్థ. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎప్పుడు ఫోన్ చేయాలి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఏం నింపాలి, ఆధారాలు ఎలా దాచుకోవాలి అన్నవి తెలుగులో చేయిపట్టి నడిపించే సాధనం వాళ్లకు కావాలి. దానికోసం బాధితులతో మాట్లాడాలి.

మా ప్రశ్నల కాగితంలో ఒకటి ఇలా ఉండేది: “ఆధారాలు ఎలా దాచుకున్నారు?” ఆఫీసులో కూర్చుని రాసినప్పుడు అది స్క్రీన్‌షాట్‌లు ఏ ఫోల్డర్‌లో పెట్టుకున్నారన్న ప్రశ్న. ఫీల్డ్‌లో దానికి ఎవరూ నోటితో జవాబు చెప్పలేదు. ఫోన్ తీసి చేతిలో పెట్టేవాళ్లు. కరీంనగర్ వైపు ఒక పెద్దావిడ కొడుకు తీసుకున్న అప్పుకు కోడలి ఫొటో ఊరంతా తిరిగింది. ఆమె ఫోన్ నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు దానిమీదికి మడిచి, “సూడు బిడ్డా, నువ్వే సూడు. నేను జెప్తే ఎవలు నమ్ముతలేరు” అంది. పెళ్లినాటి ఫొటోలోంచి ముఖం మాత్రం కోసి, ఇంకేదో శరీరానికి అతికించారు. చెవులకు పెళ్లి బుట్టలు అలాగే ఉన్నాయి. చూడనని అనడానికి నోరు రాదు. అప్పటికే పోలీస్ స్టేషన్‌లోనో, బంధువుల ఇంట్లోనో ఎవరో ఒకరు ముఖం తిప్పుకునే ఉంటారు. మనం కూడా తిప్పుకుంటే ఇక ఆమెకు మిగిలేదెవరు?

ఇంటర్వ్యూ ఒక్కసారే జరుగుతుంది. వినడం మాత్రం ఒక్కసారితో అయిపోదు. ఆ గదిలో ఒకసారి వింటాం. సాయంత్రం లాడ్జిలో నోట్స్ సరిచేసుకుంటూ మళ్లీ. హైదరాబాద్ వచ్చాక టేపు పెట్టుకుని ట్రాన్స్‌క్రిప్ట్ సరిచూస్తూ మళ్లీ. మాటలను ముక్కలు చేసి పసుపు కాగితాల మీద రాసి గోడకు అంటించేటప్పుడు మళ్లీ. ప్రెజెంటేషన్ కోసం క్లిప్ కత్తిరిస్తుంటే, ఏడుపు మొదలయ్యే చోటు సరిగ్గా దొరకడానికి రెండు సెకన్లు ముందుకూ వెనక్కూ జరుపుతూ ఎన్నిసార్లు వింటామో లెక్కే ఉండదు. పైగా ఆ గోడ మా సీట్ల ఎదురుగానే. లంచ్ బాక్సు తెరిచినా అవే వాక్యాలు.

నాలో తేడా మొదట ఫోన్ దగ్గర తెలిసింది. కొత్త నంబర్ నుంచి కాల్ వస్తే గుండె దడదడలాడేది. నేను రూపాయి అప్పు తీసుకున్నదాన్ని కాదు. మా చెల్లి వాట్సాప్ డీపీగా పట్టుచీర ఫొటో పెడితే అర్ధరాత్రి ఫోన్ చేసి తీసెయ్యమని గొడవపడ్డాను. “ఏమైందక్కా నీకు?” అంది అది. నిద్ర పట్టేది కాదు, పట్టినా తెల్లవారుజామునే మెలకువ. కొన్నాళ్లకు ఆ దడ పోయింది. హమ్మయ్య అనుకున్నాను. దాని స్థానంలో వచ్చింది మొద్దుబారడం. ఒక కుర్రాడు వాళ్ల నాన్న ఊళ్లో తల దించుకుని తిరుగుతున్నాడని చెబుతుంటే, నేను మనసులో “ఇది బంధువుల ఒత్తిడి కాలమ్‌లోకి” అని సర్దేసుకుంటున్నాను. అతను ఇంకేదో చెప్పబోయి ఆగాడు. ఏమిటని అడగాలనిపించలేదు. భయం కన్నా ఇదే ప్రమాదమని తర్వాత తెలిసింది. భయపడే మనిషికి ఏదో అయిందని పక్కవాళ్లకు కనబడుతుంది. మొద్దుబారిన మనిషి మాత్రం పని చకచకా చేస్తుంది, మేనేజర్ మెచ్చుకుంటాడు.

మా అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్నది మాత్రం ఫీల్డ్‌కే రాని అమ్మాయి. ట్రాన్స్‌క్రిప్షన్ తనది. కరీంనగర్, నిజామాబాద్ మాటతీరును ఆటోమేటిక్ టూల్స్ పట్టుకోలేక ఏవేవో రాసేవి, అందుకని తనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని టైప్ చేసేది. ఏడుస్తూ చెప్పిన మాట స్పష్టంగా ఉండదు కదా, అక్కడే వెనక్కి తిప్పి మళ్లీ వినాలి. అంటే టేపులో ఏది ఎక్కువ బాధాకరమో అదే తన చెవిలో ఎక్కువసార్లు పడుతోంది. ఎదురుగా మనిషి ఉండరు. ఒక గ్లాసు నీళ్లిచ్చి, భుజం మీద చెయ్యివేసి ఓదార్చే వీలుండదు. జ్వరమని రెండు మూడుసార్లు సెలవు పెట్టింది. ఒకరోజు కింద టీ బండి దగ్గర, “అక్కా, ఇంటికెళ్లాక కూడా నాకు వాళ్ల గొంతులే వినబడుతున్నాయి. మా అమ్మ పిలిస్తే ఉలిక్కిపడుతున్నా. ఎవరికైనా చెబితే ఈమాత్రం పనికే ఇలా అంటారేమోనని...” అంది. ఆ టీ అక్కడే పెట్టేసి పైకెళ్లి మా మేనేజర్‌తో మాట్లాడాను.

ఆయన చెడ్డవాడు కాదు. వెంటనే హెచ్ఆర్ చెవిన వేశాడు. శుక్రవారం సాయంత్రం అందరికీ వెల్‌నెస్ సెషన్ పెట్టారు. కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టమన్నారు, ఒక మెడిటేషన్ యాప్‌కి సభ్యత్వం ఇచ్చారు. కౌన్సెలర్ హెల్ప్‌లైన్ కూడా ఉందన్నారు. దానికి ఫోన్ చేస్తే మొదట అడిగింది ఎంప్లాయీ ఐడీ. తెలుగులో మాట్లాడేవాళ్లు ఉన్నారా అంటే ఇంగ్లిష్, హిందీ అన్నారు. మా అమ్మాయి ఫోన్ పెట్టేసింది. ధ్యానం మీద నాకు కోపం లేదు, ఇప్పటికీ చేస్తాను. కానీ సోమవారం పొద్దున్న అదే టేపు అదే మనిషి చేతికి వస్తుంటే శుక్రవారం శ్వాస ఏం చేస్తుంది?

దారి చూపించింది స్వచ్ఛంద సంస్థవాళ్లు పరిచయం చేసిన ఒక సైకాలజిస్ట్. గృహహింస నుంచి బయటపడిన ఆడవాళ్లతో చాలా ఏళ్లు పనిచేసిన మనిషి. మేం ఒకరి తర్వాత ఒకరం మా మనసుల గురించి చెప్పబోతే ఆవిడ ఆపేశారు. “మీ మనసు గట్టిదా మెత్తదా అన్నది తర్వాత చూద్దాం. ఎన్ని గంటలు విన్నారు, ఒక్కోటి ఎన్నిసార్లు విన్నారు, మధ్యలో ఎంత ఖాళీ దొరికింది, ముందు అవి చెప్పండి” అన్నారు. అంటే ఆవిడ దీన్ని స్వభావంగా కాక మోతాదుగా చూస్తున్నారు. ఇతరుల గాయాలు వినివిని మనకు వచ్చే ఈ స్థితి గురించి మానసిక నిపుణులు 1990ల నుంచీ రాస్తున్నారట. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే మానసిక రుగ్మతలను గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసిన పుస్తకంలో, ఉద్యోగరీత్యా ఇలాంటి వివరాలను పదేపదే వినడం, చూడడం కూడా ఆఘాతానికి గురికావడం కిందే లెక్క. అందులో ఒక తమాషా ఉంది. టీవీలోనో ఫోన్‌లోనో చూసింది లెక్కలోకి రాదు, అది ఉద్యోగంలో భాగమైతే తప్ప. జీతం తీసుకుని చూసేవాడు మధ్యలో ఆపేసి వెళ్లలేడన్నది దాని వెనక ఉన్న సంగతై ఉంటుందని నాకనిపిస్తుంది.

సోషల్ వర్కర్లకు, కౌన్సెలర్లకు పైన ఒక సీనియర్ కూర్చుని వాళ్లు విన్నది వినే పద్ధతి ముందునుంచీ ఉంది. మా వృత్తి డిజైన్, టెక్నాలజీ వైపు నుంచి వచ్చింది, బటన్ ఏ రంగులో ఉండాలన్న ప్రశ్నలతో పెరిగింది. అదే వృత్తిని ఇప్పుడు అప్పులు, జబ్బులు, హింస ఉన్న చోటికి పంపిస్తున్నారు. పద్ధతులు మాత్రం బటన్ రోజులవే.

ఆవిడతో కూర్చుని రెండో విడత ప్లాన్ మొత్తం తిరగరాశాం. మొదటి మార్పు ఆ ఆధారాల ప్రశ్న దగ్గరే. సమ్మతి తీసుకునేటప్పుడే చెప్పేశాం: “మీరు చెప్పేది మేం పూర్తిగా నమ్ముతున్నాం. ఫొటోలు మాకు చూపించక్కర్లేదు. ఏ ఫోల్డర్‌లో ఉన్నాయి, ఎలా తీసి పంపారు, అది చెబితే చాలు.” ముందే నమ్ముతున్నామనేసరికి చాలామంది భుజాలు దిగాయి. ఫోన్ చేతిలో పెట్టడం దాదాపు ఆగిపోయింది. స్క్రీన్ మీద చేసి చూపించాల్సి వస్తే మామూలు పువ్వుల ఫొటోలున్న మా ఫోన్ ఇచ్చాం. సాధనం తయారుచేయడానికి మాకు నిజంగా కావలసింది ఆ వేలు ఎక్కడెక్కడ ఆగుతుందన్నదే.

రోజుకు రెండు ఇంటర్వ్యూలకు మించకూడదు, వరసగా పెట్టకూడదు, ఎప్పుడూ ఇద్దరం వెళ్లాలి, బరువైనదని ముందే తెలిసినది సాయంత్రం చివర్లో పెట్టకూడదు. లాడ్జికి వెళ్లి ఒక్కరే గోడ చూస్తూ కూర్చునే అవకాశం ఇవ్వకూడదన్నమాట. ఇంటర్వ్యూ అయ్యాక నోట్స్ రాసుకునే ముందు కాస్త నడిచేవాళ్లం. దారిలో దాని గురించి మాట్లాడకూడదు. నాకు మాత్రం ఫోన్‌లో టెట్రిస్ పనికొచ్చింది. నవ్వకండి. బాధాకరమైన వీడియో చూసినవాళ్లు అరగంట తర్వాత టెట్రిస్ ఆడితే ఆ దృశ్యాలు మళ్లీ మళ్లీ కళ్లముందుకు రావడం తగ్గిందని 2009లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించారు. అది ప్రయోగశాలలో వీడియో చూసినవాళ్ల సంగతి, మా పనికి అచ్చంగా వర్తిస్తుందని కాదు. రంగు ముక్కలు పేర్చుతుంటే ఆ బుట్టల ఫొటో కాసేపు కళ్లముందు నుంచి తప్పుకునేది, నాకది చాలు.

టేపుల విషయంలో పెద్ద నిర్ణయమే తీసుకున్నాం. ప్రతి మాటా టైప్ చేయాల్సిన పని లేదు. ఇంటర్వ్యూలో ఉన్న రెండో మనిషి గడియారం చూసి గుర్తు పెట్టుకుంటారు: ఇక్కడి నుంచి ఇక్కడిదాకా ఏడుపు, విషయం కోడలి ఫొటో, డిజైన్‌కు సంబంధించినది లేదు. ఆ భాగాన్ని ట్రాన్స్‌క్రిప్షన్‌కు ఇచ్చే ముందే కత్తిరించేస్తాం. మిగిలిన టేపును ఇద్దరు ముగ్గురం పంచుకుంటాం. వినేటప్పుడు స్పీకర్‌లోనే వినాలి, ఎందుకంటే హెడ్‌ఫోన్స్‌లో గొంతు తలలోపల ఉన్నట్టుంటుంది, స్పీకర్‌లో బల్ల అవతల ఉంటుంది. ఇది ట్రాన్స్‌క్రిప్షన్ చేసే అమ్మాయే కనిపెట్టింది. పక్కవాళ్లకు వినబడకూడదు కాబట్టి దీనికోసం ఒక చిన్న మీటింగ్ రూమ్ పట్టుకోవలసి వచ్చింది. కాగితాల గోడ కూడా ఆ గదిలోకే పోయింది. పని ఉన్నప్పుడు లోపలికెళ్లాలి, లేచి వచ్చేటప్పుడు తలుపు వేసెయ్యాలి.

అసలు తగాదా క్లిప్‌ల దగ్గర వచ్చింది. కొత్త ప్లాన్‌లో వీడియో క్లిప్‌లు లేవని చూసి మా మేనేజర్ తల పట్టుకున్నాడు. డబ్బిచ్చేవాళ్లకు చూపించడానికి “ఎమోషనల్ క్లిప్ ఒకటైనా” కావాలన్నాడు. ఏడ్చే మనిషిని చూపిస్తేనే గదిలో అందరూ నిటారుగా కూర్చుంటారన్న నమ్మకం మా రంగంలో బాగా పాతుకుపోయింది. ఆ క్లిప్ చేయడానికి ఒకరు దాన్ని పదేపదే వినాలి, చూసినవాళ్లు ఇంటికి మోసుకెళ్లాలి, ఏడ్చిన మనిషికి తన ఏడుపు ఏ ఏసీ గదిలో ఆడుతోందో కూడా తెలియదు. దాని బదులు పెద్దావిడ మాటనే పెద్ద అక్షరాల్లో స్లయిడ్ మీద పెట్టి, కింద ఆమె ఫిర్యాదు చేయబోయి ఏయే మెట్టు దగ్గర ఆగిపోయిందో గీసి చూపించాం. నిటారుగానే కూర్చున్నారు. పైగా ప్రశ్నలన్నీ ఆ మెట్ల మీదే వచ్చాయి, “పాపం” దగ్గర ఆగిపోలేదు.

రాత్రిళ్లు నన్ను నిద్రపోనివ్వనిది ఫొటోలకన్నా ఒక ప్రశ్న. ఆ మనిషి ఇప్పుడెలా ఉన్నాడు? ఇంటర్వ్యూ చివర్లో “బతకాలనిపించడం లేదు మేడం” అని, వెంటనే “ఏం లేదులెండి” అని లేచి వెళ్లిపోయిన మనిషి గురించి మనకు ఆ తర్వాత ఏమీ తెలియదు. పేపర్‌లో ఆ జిల్లా పేజీ తెరవాలంటే టెన్షన్. డాక్టర్‌కి రోగి మళ్లీ వస్తాడు, మాకు రాడు. రెండో విడతలో దీనికి ఒక ఏర్పాటు చేశాం. అలాంటి మాట వస్తే ప్రశ్నలు ఆపేయాలి, ఆ ఆలోచన ఎంతవరకు వచ్చిందో సూటిగా అడగాలి, సంస్థ కౌన్సెలర్‌తో అప్పటికప్పుడు ఫోన్ కలపాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబర్ రాసిన కార్డు చేతికివ్వాలి. కేంద్రం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఆ లైన్‌లో తెలుగులోనూ మాట్లాడతారు, ఏ వేళైనా, ఉచితంగా. వారం తర్వాత సంస్థవాళ్లే ఆ మనిషికి ఫోన్ చేసి పలకరించి మాకు ఒక్క ముక్క చెబుతారు: మాట్లాడాం, బాగున్నారు. లేదా, మా దగ్గరికి వస్తున్నారు. వివరాలు మాకు రావు, అక్కర్లేదు. ఆ ఒక్క ముక్క వచ్చిన రోజు నేను కడుపునిండా తిన్నాను.

కొన్ని ఏర్పాట్లు బెడిసికొట్టాయి. మనసులో మాట చెప్పుకోవడానికని వాట్సాప్ గ్రూప్ పెడితే, అందులో అందరూ ఆరోజు విన్నది విన్నట్టు దించేయడం మొదలుపెట్టారు. ఇంట్లో పిల్లాడికి అన్నం పెడుతూ ఫోన్ చూసిన మనిషికి అడగని కథ వచ్చి మీద పడేది. గ్రూప్ మూసేశాం. ఇప్పుడు ముందు అడగాలి: “నాకొకటి బరువుగా ఉంది, వినే ఓపిక ఉందా?” ఉందంటేనే చెప్పాలి, అదీ ఘోరమైన వివరాలు తీసేసి. వాళ్లకు లేదంటే ఇంకొకరు. ఇతరుల బాధ వినే పని మన మీద ఎంత ప్రభావం చూపుతోందో తెలుసుకోవడానికి ముప్పై ప్రశ్నల ప్రోక్వాల్ అనే స్వీయపరీక్ష కూడా రెండు వారాలకోసారి నింపుకుంటాం. ఆ మార్కులు మేనేజర్ చూస్తానన్నాడు, కుదరదన్నాం. అప్రైజల్ చేసే మనిషి చూస్తాడంటే ఎవరైనా నిజం రాస్తారా? అవి సైకాలజిస్ట్‌కే వెళతాయి. ఏ ప్రాజెక్టు నుంచైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చన్నది మాత్రం కాగితం మీద సులువే గానీ, మొహమాటం కొద్దీ మొదట్లో ఎవరూ వాడుకోలేదు. మా లీడ్ మేడమే ముందు తప్పుకున్నారు, చిన్నపిల్లల ఆస్పత్రి ప్రాజెక్టు నుంచి. కారణం ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు. ఆ తర్వాతే మిగతావాళ్లకు నోరు పెగిలింది.

ఎవరి లెక్కలోనూ లేని మనిషి మా లోకల్ కోఆర్డినేటర్. ఊళ్లో బాధితులను వెతికి, నచ్చజెప్పి మా దగ్గరికి తెచ్చేది ఆయనే. అతను రోజుకూలీ లెక్కన పనిచేస్తాడు, హెచ్ఆర్ జాబితాలో పేరుండదు. మేం హైదరాబాద్ బస్సెక్కేస్తాం, బాధితుల దగ్గర ఉండేది మాత్రం ఆయన నంబర్. “మేడం, రాత్రి పదకొండింటికి చేసి ఏడుస్తున్నరు. నేనేం జెప్పాలె?” అని ఆయన అడిగేదాకా మాకెవరికీ తట్టలేదు. ఇప్పుడు ప్రాజెక్టుకో సిమ్ కొని ఆయనకిస్తాం. పని అయ్యాక అది సంస్థకు వెళుతుంది, కాల్ వస్తే కౌన్సెలర్ ఎత్తుతారు. సైకాలజిస్ట్‌తో కూర్చునే గంటలో ఆయనకూ చోటుంది, ఆ గంటకు కూలీ కూడా ఇస్తాం.

వీటన్నిటికీ డబ్బు కావాలి. రోజుకు రెండు ఇంటర్వ్యూలంటే షెడ్యూల్ సాగుతుంది, ఇద్దరు వెళ్లాలంటే చార్జీలు రెండింతలు. ఫైనాన్స్‌వాళ్లు మొదట ససేమిరా అన్నారు. ఘోరమైన పోస్టులను చూసి తొలగించే కంటెంట్ మోడరేటర్ల మానసిక ఆరోగ్యం కేసులో ఫేస్‌బుక్ 2020లో 5.2 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్న సంగతి చెబితే ఆసక్తిగా విని, అది అమెరికా కదా అన్నారు. పనిచేసింది వేరే వాదన: మొద్దుబారిన రీసెర్చర్ అడగాల్సిన ప్రశ్న అడగడు, మధ్యలో మానేస్తే కొత్తవాళ్లకు మళ్లీ మొదటినుంచి నేర్పాలి, ఆ ఖర్చు ఎవరిది? అప్పుడు సంతకం పడింది. అయితే బడ్జెట్‌లో “వెల్‌నెస్” అని రాసిన ప్రతిసారీ మొదటి కోత దానికే పడుతోంది. అందుకని సైకాలజిస్ట్ ఫీజు, కోఆర్డినేటర్ సిమ్, ఆ మీటింగ్ రూమ్ అద్దె అన్నీ ఇప్పుడు “ఫీల్డ్ ఖర్చులు” కింద, కారు అద్దె తర్వాతి వరసలో రాస్తున్నాం. కారు అద్దె ఎందుకని ఇంతవరకు ఎవరూ అడగలేదు, దాని కింది వరసనూ అడగడం లేదు.